ఒకే వీధిలో రకరకాల ఇళ్లు: ప్లానింగ్ పరిశీలనలో నిలిచే లేఅవుట్ గీయడం ఎలా

"ఇళ్ల రకాల్లో వైవిధ్యం చూపండి" అని ప్లానింగ్ విభాగం లేఅవుట్ వెనక్కి పంపగానే చాలామంది ముందు ఎలివేషన్ (ఇంటి బయటి ముఖం) మీద పడతారు. ఒక ఇంటికి ఇటుక, పక్కదానికి తెల్ల ప్లాస్టరింగు, మూడోదానికి వాలు కప్పు తగిలిస్తారు. ఆ డ్రాయింగు మళ్లీ వెనక్కొస్తుంది. పరిశీలించేవాళ్లు ప్లాను చూస్తారు. కుడిఎడమలు తిప్పి గీసిన ఇల్లు వాళ్ల లెక్కలో అదే ఇల్లు. ఇంటి వెడల్పు ఎంత, గుమ్మం ఎటు, మెట్లు ఎవరివి, కారు ఎక్కడ ఆగుతుంది అనే నాలుగింటిలో కనీసం రెండు మారితేనే రకం మారిందని లెక్కేసుకోండి.

నగరాలు ఇది అడగడానికి కారణం ఉంది. వీధంతా మూడు పడక గదుల ఇళ్లే ఉంటే ఒంటరిగా ఉండేవాళ్లకూ, మెట్లెక్కలేని పెద్దవాళ్లకూ అక్కడ చోటుండదు. ఇంకోవైపు, ఒంటి ఇళ్ల పక్కనే ఎత్తైన అపార్ట్‌మెంటు లేస్తే పాతవాళ్లు అభ్యంతరం పెడతారు. ఈ రెండింటికీ మధ్యలో వరుస ఇళ్లు, పైఇల్లు-కిందిఇల్లు, ఆరు పోర్షన్ల చిన్న భవనం లాంటివి వస్తాయి. వీటికే అమెరికన్ ఆర్కిటెక్ట్ డేనియల్ పరోలెక్ 2010లో 'మిస్సింగ్ మిడిల్' అని పేరు పెట్టారు.

గీత గీసే ముందు

నిబంధనల పుస్తకంలో ముందు చదవాల్సింది నిర్వచనాల అధ్యాయం. కొన్నిచోట్ల ఒక కట్టడంలో ఎన్ని ఇళ్లున్నాయో దాన్నిబట్టి రకం తేలుస్తారు, కొన్నిచోట్ల ఉమ్మడి గోడ ఉందా లేదా అన్నది చూస్తారు, ఇంకొన్నిచోట్ల పడక గదుల సంఖ్యే లెక్క. ఇది తేల్చుకోకుండా గీస్తే మీకు మూడు రకాలుగా కనిపించేవి వాళ్లకు ఒకటే అవుతాయి. తర్వాత, కొలతతో తేలే నిబంధనలను (సెట్‌బ్యాక్ అంటే సరిహద్దు నుంచి వదలాల్సిన ఖాళీ, ఎత్తు, ఎఫ్ఏఆర్ అంటే అంతస్తులన్నిటి విస్తీర్ణాన్ని స్థలం విస్తీర్ణంతో భాగిస్తే వచ్చే అంకె, పార్కింగు) ఒక కాగితం మీదా, అభిప్రాయంతో తేలేవాటిని ("వీధికి అనుకూలంగా ఉండాలి" లాంటివి) వేరే కాగితం మీదా రాసుకోండి. మొదటి కాగితంలోవి తప్పితే దరఖాస్తు ఆగిపోతుంది. రెండో కాగితంలోవి దరఖాస్తుకు ముందు ప్లానింగ్ అధికారులతో జరిగే సమావేశంలో మాట్లాడి తేల్చుకోవాలి. ఆ సమావేశానికి పూర్తి డ్రాయింగులు పట్టుకెళ్లొద్దు. గీసింది ఎక్కువైతే మార్చడానికి మనసొప్పదు.

సాంద్రత (హెక్టారుకు ఎన్ని ఇళ్లు) విషయంలో స్థూలమా, నికరమా అని అడిగి తీరాలి. రోడ్లు, పార్కు కలిపిన విస్తీర్ణంతో భాగిస్తే వచ్చే అంకె వేరు, ప్లాట్లతో మాత్రమే భాగిస్తే వచ్చేది వేరు.

ఒక ఉదాహరణ

వీధివైపు 60 మీటర్లు, లోతు 30 మీటర్లు ఉన్న మూల స్థలం తీసుకుందాం. వెనక 6 మీటర్ల సందు ఉంది, దాన్ని ఈ లెక్కలో కలపడం లేదు. విస్తీర్ణం 1,800 చదరపు మీటర్లు, అంటే 0.18 హెక్టారు. అంతా 6 మీటర్ల వరుస ఇళ్లే వేస్తే 10 వస్తాయి, హెక్టారుకు దాదాపు 56.

ఇప్పుడు అదే 60 మీటర్లను 15, 27, 18గా విడగొట్టండి. మూలమీది 15 మీటర్లలో మూడంతస్తుల చిన్న భవనం, అంతస్తుకు రెండు ఫ్లాట్లు, మొత్తం 6. మధ్య 27 మీటర్లలో 4.5 మీటర్ల వెడల్పు వరుస ఇళ్లు 6. చివరి 18 మీటర్లలో పైఇల్లు-కిందిఇల్లు జంటలు రెండు, అంటే 4 ఇళ్లు. మొత్తం 16, హెక్టారుకు దాదాపు 89. మూడు రకాలున్నాయి, ఏ రకమూ 37.5 శాతం దాటలేదు. ఫ్లాట్లలో కిందివి రెండు, జంటల్లో కిందివి రెండు కలిపి నాలుగిళ్లకు మెట్లెక్కే పని లేదు. గుమ్మం దగ్గర 1:12 వాలు ర్యాంపు పెడితే చాలు.

ఇంత సాంద్రతకు ఎత్తైన భవనాలు కావాలేమో అనుకోవద్దు. కట్టడాల లోతు అన్నిటికీ 11 మీటర్లు పెట్టాం. మూలమీది భవనం పక్కవీధి నుంచి 2 మీటర్లు వదిలి 13 మీటర్ల వెడల్పు, మూడంతస్తులకు 429 చదరపు మీటర్లు. వరుస ఇళ్లు రెండంతస్తులకు 594. జంటలు రెండూ ఆనుకుని 15 మీటర్ల వెడల్పు, అటూఇటూ మీటరున్నర ఖాళీ, రెండంతస్తులకు 330. కలిపితే 1,353, ఎఫ్ఏఆర్ 0.75. ఆమ్‌స్టర్‌డామ్‌లోని బోర్నియో-స్పోరెన్‌బర్గ్‌లో వెస్ట్ 8 అనే డిజైన్ సంస్థ ఎక్కువభాగం తక్కువ ఎత్తు ఇళ్లతోనే హెక్టారుకు 100 ఇళ్లు పట్టించింది.

11 మీటర్ల లోతు ఊరికే పెట్టింది కాదు. ఒకవైపే కిటికీ ఉన్న గదిలో కిటికీ పైఅంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరం దాకానే వెలుతురు బాగా అందుతుంది. పైఅంచు 2.1 మీటర్లయితే అది సుమారు 5 మీటర్లు. ముందు గది, వెనక గది, మధ్యలో మెట్లూ బాత్రూమూ వేస్తే 11 మీటర్లు సరిపోతాయి. 14 చేస్తే మధ్యలో పగలు కూడా లైటు వేసుకోవాల్సిన గది ఒకటి పుడుతుంది.

పార్కింగు ఇంటికొకటి చొప్పున 16. ఒక్కోటి 2.5 × 5 మీటర్లు, సందుకు లంబంగా పక్కపక్కనే పెడితే 40 మీటర్లు పోతాయి. మిగిలిన 20 మీటర్లలో చెత్త డబ్బాల చోటు, ట్రాన్స్‌ఫార్మర్, చెట్లు. లోతులో ముందు 3, కట్టడం 11, వెనక పార్కింగు 5 పోగా పెరటికి 11 మీటర్లు మిగులుతుంది. కారు తిరగడానికి సందు 6 మీటర్లకు తగ్గకూడదు, తగ్గితే పార్కింగును లోపలికి జరపాలి, పెరడు చిన్నదవుతుంది. ఫైరింజను దారి, అది మలుపు తిరిగే చోటు అగ్నిమాపక శాఖవాళ్లతో విడిగా చూపించుకోండి. చివర్లో ఇది తేలితే లేఅవుట్ మొత్తం కదిలిపోతుంది.

4.5 మీటర్ల ఇల్లు దగ్గరగా చూస్తే

ఉమ్మడి గోడ 230 మిల్లీమీటర్లయితే లోపల 4.27 మీటర్లు దక్కుతుంది. అంతస్తు ఎత్తు 3 మీటర్లు పెట్టి 18 మెట్లుగా పంచితే మెట్టు ఎత్తు 167 మిల్లీమీటర్లు. తొమ్మిదేసి మెట్ల రెండు వరుసలు, మధ్యలో 0.9 మీటర్ల ల్యాండింగ్, అడుగుపెట్టే వెడల్పు 250 మిల్లీమీటర్లు అనుకుంటే గోడ వెంబడి నేరుగా పోయే మెట్ల పొడవు 4.9 మీటర్లు. మెట్ల వెడల్పు 0.9 పోగా పక్కన 3.3 మీటర్లకు పైగా ఉంటుంది. హాలూ వంటగదీ ఆ పక్కనుంచే కలుస్తాయి కాబట్టి ఇరుకనిపించదు.

ఈ ఇంట్లో చెడగొట్టేది ముందువైపు గ్యారేజీ. దానికి 3 మీటర్లు ఇస్తే వీధివైపు మిగిలేది మీటరున్నర, అందులో తలుపు తప్ప కిటికీ పట్టదు. ఆరిళ్లు వరుసగా అలా ఉంటే వీధి పొడుగునా షట్టర్లే. "వీధిమీద కళ్లు లేవు" (ఇంట్లోంచి వీధిని చూసే కిటికీలు లేవు) అని వైవిధ్యం సంగతి చూడకముందే తిప్పికొడతారు. 6 మీటర్లకు తగ్గిన ఇంటికి కారు వెనకనుంచే రావాలి.

ఎక్కువగా తిప్పికొట్టేవి

మూల ఇంటి పక్కగోడ గుడ్డిగా వదిలేయడం మొదటిది. మూలకు రెండు ముఖాలు. పక్కవీధివైపు కూడా గదుల కిటికీలు, వీలైతే ఒక గుమ్మం ఇవ్వండి. బాత్రూమ్ వెంటిలేటర్లను కిటికీలుగా లెక్కలో చూపితే ఎవరూ నమ్మరు.

పైఇంటి గుమ్మం వెనక సందులో దాచడం రెండోది. పైఇంటివాళ్లకూ వీధిలో తమదంటూ ఒక తలుపు, లోపల సొంత మెట్లు ఉంటే అది ఒక రకంగా నిలబడుతుంది. లేకపోతే ఒకే ఇంటిని రెండుగా చీల్చారనే అనుమానం వస్తుంది.

ఫ్లాట్లన్నీ స్థలం వెనక మూల, కాలువ పక్కన కుప్పేయడం కూడా మామూలే. చిన్న ఇళ్లు వీధి మొదట్లో, మూలమీద ఉండాలి. నడక దూరం తగ్గుతుంది, ఎత్తు కూడా అక్కడే నప్పుతుంది.

వైవిధ్యం చూపకపోవడానికి పూర్తి తలకిందుల తప్పు ఇంకొకటుంది. 16 ఇళ్లకు ఎనిమిది రకాలు గీసేస్తారు. అలా చేస్తే సైటులో షట్టరింగు (కాంక్రీటు పోసే అచ్చు) తిరిగి వాడలేరు, డ్రెయినేజీ పైపులు ఒకదాని కింద ఒకటి పడవు, తప్పులు పెరుగుతాయి. మూడు, మహా అయితే నాలుగు రకాలు చాలు. లోతు, అంతస్తు ఎత్తు, మెట్ల కొలత అన్నిటికీ ఒకటే ఉంచి, వంటగది, బాత్రూములు ఒకే షాఫ్ట్ (పైపులు నిలువుగా దిగే చోటు) మీదికి తెచ్చి, వెడల్పూ గుమ్మాలూ మార్చండి. మీటర్ బోర్డులు, ఏసీ బయటి యూనిట్లు ఎక్కడో ఎలివేషన్ గీసేటప్పుడే తేల్చండి. కట్టాక అవి గుమ్మం పక్కకే వస్తాయి.

దాఖలు చేసేటప్పుడు

రకాల పట్టికే ఈ దరఖాస్తుకు ప్రాణం. ఒక్కో రకానికి ఒక వరుస: సంఖ్య, వెడల్పు, లోతు, అంతస్తులు, పడక గదులు, గుమ్మం ఎటు, పార్కింగు, మొత్తంలో శాతం. సైట్ ప్లానులో ఒక్కో రకానికి ఒక రంగు వేయండి. విడివిడి ఎలివేషన్లు కాకుండా 60 మీటర్ల వీధి మొత్తం 1:200 స్కేలులో ఒకే షీటు మీద గీయండి, పక్క స్థలంలోని కట్టడాల ఎత్తు కూడా అందులో చూపండి. ప్రతి నిబంధన పక్కనే అది ఏ షీటులో ఉందో నంబరు రాసి ఇస్తే పరిశీలించేవాళ్లు వెతుక్కోరు.

దశలవారీగా కట్టేట్టయితే మొదటి దశలోనే కనీసం రెండు రకాలు పెట్టండి. వరుస ఇళ్లు కట్టి అమ్ముకుని ఫ్లాట్ల స్థలాన్ని ఖాళీగా వదిలేయడం అధికారులకు కొత్త కాదు, అందుకే అనుమతిలో "ఫలానా భవనం పూర్తయ్యాకే మిగతావాటిలో కాపురం పెట్టడానికి అనుమతి పత్రం" అనే షరతు పెట్టగలరు. ఏది ముందో మీరే రాసిస్తే ఆ షరతు మీ నిర్మాణ క్రమానికి తగ్గట్టు ఉంటుంది.