ఇల్లు, సెప్టిక్ ట్యాంకు, తోట: మీ స్థలంలో మట్టి దేనికి పనికొస్తుందో తెలుసుకోవడం ఎలా?

కిటికీ మూల నుంచి గోడ మీద ఏటవాలుగా పగులు కనిపిస్తుంది. సిమెంటు పూసి రంగు వేయిస్తాం. మరుసటి ఎండాకాలం అదే చోట మళ్లీ నోరు తెరుస్తుంది. మనం మేస్త్రీని అనుమానిస్తాం గానీ, చాలాసార్లు అసలు సంగతి కింద ఉన్న మట్టిలో ఉంటుంది. ఆ మట్టి నీళ్లను ఎలా పీలుస్తుందో, ఎలా వదులుతుందో తెలిస్తే పునాదికీ, సెప్టిక్ ట్యాంకుకీ, మొక్కలకీ సగం జవాబు దొరికినట్టే.

1. ముందు గుంత తవ్వండి

పైమట్టిని చూసి ఒక నిర్ణయానికి రావద్దు. స్థలంలో రెండు మూడు చోట్ల మీటరున్నర లోతు దాకా తవ్వించి పొరలు చూడండి. మట్టి వదులుగా ఉంటే అంచు కూలుతుంది, కాబట్టి గుంతలోకి దిగకుండా పైనుంచే చూడండి. ఇటుక ముక్కలు, చెత్త కనిపిస్తే అది ఎవరో నింపిన నేల. బూడిదరంగు మట్టిలో తుప్పురంగు మచ్చలుంటే, ఏడాదిలో కొంతకాలం అక్కడిదాకా నీళ్లు నిలుస్తాయని అర్థం. ఎండాకాలంలో స్థలం కొనేవాళ్లకు ఆ మచ్చలే పెద్ద సాక్ష్యం.

2. చేత్తో, సీసాతో పరీక్షించండి

గుప్పెడు మట్టిని తడిపి ముద్ద చేయండి. ముద్దే కట్టకపోతే ఇసుక నేల. కడితే, బొటనవేలితో చూపుడువేలి మీద నొక్కుతూ పట్టీలా సాగదీయండి. రెండున్నర సెంటీమీటర్ల లోపే తెగితే ఇసుక, ఒండ్రు, బంక కలిసిన గరప నేల, అయిదు దాటినా తెగకపోతే బంకమట్టి.

ఇంకా స్పష్టంగా కావాలంటే గాజుసీసాలో మూడో వంతు జల్లించిన మట్టి, పైన నీళ్లు, చెంచాడు సబ్బునీళ్లు పోసి అయిదు నిమిషాలు బాగా గిలకొట్టి కదలకుండా పెట్టండి. నిమిషంలో ఇసుక అడుగుకు చేరుతుంది. రెండు గంటల్లో ఒండ్రు పేరుకుంటుంది. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటర్ల కన్నా చిన్నది కాబట్టి అది దిగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అప్పుడు స్కేలు పెట్టి పొరలు కొలవండి.

3. పునాది

నల్లరేగడి లాంటి బంకనేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఇంటి అంచుల కింద మట్టి ఎండుతుంది, మధ్యలో చెమ్మ అలాగే ఉంటుంది. ఒకచోట లేచి ఒకచోట కుంగితే గోడ పగలక ఏం చేస్తుంది? అందుకే ఇలాంటి చోట పునాది ఆ కదిలే పొర దాటి కిందికి దిగాలి, లేదా ఇంజనీరు సూచించిన పైల్స్ (నేలలోకి లోతుగా దించే స్తంభాలు) వేయాలి. ఇంటి చుట్టూ బయటికి వాలుగా కాంక్రీటు పట్టీ వేసి, వాననీటి గొట్టాలను దూరంగా వదలండి. పెద్ద చెట్లు గోడకు దగ్గరగా వద్దు, అవి వేసవిలో మట్టిలోని చెమ్మనంతా లాగేస్తాయి.

ఇసుక నేల పక్కకు జారకుండా ఉంటే బరువు బాగానే మోస్తుంది, నీటి కోతే దానికి శత్రువు. నింపిన నేల మీద మాత్రం సాయిల్ టెస్ట్ లేకుండా ఒక్క ఇటుక కూడా పెట్టొద్దు.

4. సెప్టిక్ ట్యాంకు: తొందరపడకూడని చోటు

ట్యాంకులో గట్టి మలినం అడుగున దిగుతుందే తప్ప, బయటికొచ్చే నీళ్లలో క్రిములు ఉండనే ఉంటాయి. వాటిని వడకట్టే పని మట్టిదే. కాబట్టి నీళ్లు మట్టిలోకి ఎంత వేగంగా ఇంకుతాయో కొలవాలి.

సోక్ పిట్, అంటే ట్యాంకు నీళ్లు నేలలోకి ఇంకే గుంత, వచ్చే చోట, అది దిగే లోతులో 30 సెంటీమీటర్ల వెడల్పు గుంత తీసి, పక్కలను మేకుతో గీరి నీళ్లతో నింపండి. ఆ రాత్రంతా నానాలి. ఇది మానేస్తే మోసపోతాం: ఎండిన బంకమట్టి నెర్రెలు మొదటి బిందెలను గటగటా తాగేస్తాయి, ఉబ్బాక చుక్క దిగదు. మర్నాడు 15 సెంటీమీటర్లు నీళ్లు పోసి, మట్టం రెండున్నర సెంటీమీటర్లు తగ్గడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. గంట దాటితే అక్కడ సోక్ పిట్ పనిచేయదు, వేరే పద్ధతి అడగాలి. ఒక్క నిమిషంలోపే దిగిపోయినా సంతోషించకండి, ఆ నీళ్లు వడకట్టకుండానే భూగర్భజలంలో కలుస్తాయి. సోక్ పిట్‌ను బావికీ బోరుకీ కనీసం 15 మీటర్ల దూరంలో ఉంచండి, స్థానిక నిబంధన ఎక్కువ అడిగితే అదే పాటించండి.

5. తోట

బంకనేలలో ఇసుక కలిపితే గుల్లబారుతుందని చాలామంది నమ్ముతారు. కొద్దిగా కలిపితే ఇటుకలా గట్టిపడుతుంది. బాగా మాగిన కంపోస్టు కలపండి, మడులు ఎత్తుగా చేయండి. తడి మీద తవ్వొద్దు. పిడికెడు ముద్ద చేసి వదిలితే పొడిగా విడిపోవాలి, అప్పుడే నేల పదును మీద ఉన్నట్టు. ఇసుక నేలకు నీళ్లూ ఎరువూ కొద్దికొద్దిగా, తరచుగా ఇవ్వాలి. మొదళ్ల చుట్టూ ఎండాకులు కప్పాలి.

సోక్ పిట్ పైన గడ్డి తప్ప కూరగాయలు గానీ చెట్లు గానీ వేయొద్దు. బంకనేల అయితే, రోజూ తడిపే మడిని ఇంటి గోడకు ఆనించి పెట్టకండి, స్థలం అవతలి అంచుకు జరపండి.