మిరపకు సూడోమోనాస్: వాడే పద్ధతి, చెడే చోట్లు

గుంటూరు చుట్టుపక్కల ఎవరైనా "సూడోమోనాస్ వేశాం, ఏం పని చేయలేదు" అన్నారంటే, చాలాసార్లు అది వేరు దాకా చేరకముందే చచ్చిపోయిందని అర్థం. డబ్బాలో ఉన్నది మందు కాదు, ప్రాణమున్న బ్యాక్టీరియా. ఎండ, రాగి, క్లోరిన్ తగిలితే మిగిలేది దాన్ని కలిపి అమ్మే ఉత్త టాల్కం పొడే.

సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ వేళ్లను అంటిపెట్టుకుని బతుకుతుంది. తెగులు శిలీంధ్రానికి కావలసిన ఇనుమును ముందే లాగేసుకుంటుంది, దాన్ని అణిచే పదార్థాలు వదులుతుంది, మొక్కకు తట్టుకునే శక్తినీ పెంచుతుంది. అందుకే తెగులు రాకముందే వేయాలి. నారుకుళ్లు, ఎండు తెగులు విషయంలో బాగా అక్కరకొస్తుంది, కాయకుళ్లుకు కొంతవరకే. ఆకుముడత వైరస్‌కు, తామర పురుగుకు ఇది పనిచేయదు.

కొనేటప్పుడు తయారీ తేదీ, గడువు, గ్రాముకు 1×10⁸ (అంటే 10 కోట్ల) సీఎఫ్‌యూ (బతికున్న బ్యాక్టీరియా లెక్క) అన్న అంకె చూడండి. మే నెలలో రేకుల షెడ్డులో మగ్గిన ప్యాకెట్టు తీసుకోవద్దు. బాసిల్లస్ సబ్టిలిస్ అనే మరో మేలు బ్యాక్టీరియా అయితే సిద్ధబీజాలు (గట్టి పొర ఉన్న నిద్రాణ రూపాలు) కడుతుంది కాబట్టి వేడిని కాస్త ఓర్చుకుంటుంది. సూడోమోనాస్‌కు ఆ సౌకర్యం లేదు.

సొంత విత్తనమైతే కిలోకు 10 గ్రాముల పొడి చాలు. చల్లారిన పల్చటి గంజితో విత్తనం తడిపి, పొడి పట్టించి, నీడలో ఆరబెట్టి అదే రోజు చల్లాలి. రసాయనంతో శుద్ధి చేసేది ఉంటే అది ముందు, ఇది చివర. రంగు పూసి వచ్చే హైబ్రిడ్ విత్తనానికి ఇప్పటికే శిలీంధ్రనాశిని పట్టించి ఉంటుంది. దాని మీద మళ్లీ ఇది పట్టించే బదులు ఆ పొడి నారు వేళ్లకు దాచుకోండి.

అసలు ఫలితం కనిపించేది వేళ్లు ముంచినప్పుడే. నాటే రోజు 10 లీటర్ల నీళ్లలో 100 గ్రాములు కలిపి, నారు కట్టల వేళ్లు మునిగేలా 20 నుంచి 30 నిమిషాలు నీడలో ఉంచాలి. పొడి అడుక్కి దిగుతుంది, మధ్యలో రెండు మూడుసార్లు చేత్తో కలపాలి. ట్రేల నారైతే ట్రే అడుగు భాగాన్ని అందులో నానబెడితే సరి. వేళ్లు ఆరకముందే నాటి, వెంటనే తడి ఇవ్వాలి.

పొలానికి ఎకరాకు కిలో పొడిని 100 కిలోల మాగిన పశువుల ఎరువులో కలిపి వారం మగ్గబెట్టాలి. ముందుగా ఎరువు కుప్ప నడుమ చెయ్యి దూర్చి చూడండి, వేడిగా తగిలితే ఇంకా మాగలేదు, ఆ వేడికి బ్యాక్టీరియా ఉడికిపోతుంది. తేమ ఎంత ఉండాలంటే, పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. చెట్టు నీడన జానెడు మందాన పరిచి, తడి గోనెసంచి కప్పి, రెండు రోజులకోసారి తిరగేయండి. నాటేటప్పుడు సాళ్లలో, మళ్లీ నెలకు మొదళ్ల దగ్గర వేయొచ్చు. బెట్ట మీదున్న నల్లరేగడిలో చల్లి వదిలేస్తే మాత్రం పోయినట్టే.

డ్రమ్ములో బెల్లం నీళ్లు పోసి ఈ బ్యాక్టీరియాను పెంచే పద్ధతి నమ్మదగ్గది కాదు. నురగ వచ్చిందని సంబరపడతారు గానీ, అది ఏ సూక్ష్మజీవి నురగో కంటికి తెలియదు. డ్రిప్పులో ఈ పొడి వేస్తే లేటరళ్లు (సాళ్ల వెంట ఉండే సన్న గొట్టాలు) పూడుకుపోతాయి, దానికి ద్రవ రూపంలో దొరికేదే వాడాలి.

పైన కొట్టాలంటే లీటరుకు 5 గ్రాములు, 16 లీటర్ల ట్యాంకుకు 80. గుడ్డలో వడకట్టి, సాయంత్రం ఎండ తగ్గాక కొట్టండి. రాగి మందైన కాపర్ ఆక్సీక్లోరైడ్, యాంటీబయాటిక్ అయిన స్ట్రెప్టోసైక్లిన్‌తో ఎప్పుడూ కలపొద్దు, ముందూ వెనకా కనీసం పది రోజుల ఎడం ఇవ్వండి. నారుమడిలో రాగి మందు పోసే అలవాటున్న వాళ్లు ఇక్కడే దెబ్బతింటారు: ఈరోజు ఇది, ఎల్లుండి అది. ట్యాంకులో నిన్నటి రాగి మందు వాసన ఉన్నా కడిగాకే వాడాలి.

విజయవాడలో మేడ మీద కుండీల్లో పెంచేవాళ్లు కుళాయి నీళ్లను బకెట్లో మూత లేకుండా ఒక రాత్రి ఉంచితే క్లోరిన్ తగ్గుతుంది. లీటరుకు 10 గ్రాములు కలిపి కుండీకో గ్లాసు పోయండి. కలిపిన నీళ్లు మర్నాటికి దాచొద్దు, మిగిలితే ఆ సాయంత్రమే వంగ మొదట్లోనో టమాటా మొదట్లోనో పోసేయండి.