ఆగని గుర్రానికి బిట్ మార్చే ముందు
పగ్గాలు ఎంత లాగినా గుర్రం ఆగట్లేదని చాలామంది ఇంకా కఠినమైన బిట్ (పగ్గాలు తగిలించడానికి గుర్రం నోట్లో అడ్డంగా పెట్టే కడ్డీ) కొనేస్తారు, ఆ నొప్పికి అది ఇంకా పరిగెడుతుంది పాపం. ముందు సైజు చూడండి. బిట్ కూర్చునే చోట నోట్లో అడ్డంగా ఒక లావు దారం బిగువుగా పట్టి, రెండు పెదవుల మూలల దగ్గర గుర్తు పెట్టుకుని, ఆ పొడవుకి 1 సెంటీమీటరు కలిపితే సరిపోయే కొలత వస్తుంది. ఇప్పుడున్నది మధ్యలో ఒకే కీలు ఉన్న స్నాఫిల్ (పగ్గం లాగిన బలం నేరుగా నోటికే తగిలే సాదా రకం బిట్) అయితే రెండు కీళ్ళది పెట్టి చూడండి, నోట్లో నొక్కినట్టు ఉండక చాలా గుర్రాలు మాట వింటాయి. లావు బిట్ అయితే మెత్తగా ఉంటుందని అనుకోవద్దు, నాలుక మందంగా ఉన్నదానికి నోట్లో చోటే ఉండదు. కొత్త బిట్‌తో మొదటిసారి కంచె ఉన్న చోటే ఎక్కండి. పళ్ళనొప్పో నడుం నొప్పో ఉంటే మాత్రం ఏ బిట్టూ పనిచేయదు, ముందు పశువైద్యుడికి చూపించాలి.