వెటర్నరీ చదువుతూ విదేశీ అనుభవం: డబ్బులు ఎట్లా?

ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీలో చదువుతూ కనీసం ఒక నెలైనా బయటి దేశంలో పనిచేసి రావాలనుంటే, ముందు ఖర్చును ముక్కలు చేసి రాసుకోండి. టికెట్, వీసా, ఇన్సూరెన్స్, ఉండడం, తిండి. మొత్తానికీ ఒకరే డబ్బిస్తారని కూర్చుంటే కోర్సు చివరి ఇంటర్న్‌షిప్ కూడా అయిపోతుంది!

ఉండే ఖర్చు తగ్గించే దారి ఐవీఎస్‌ఏ. ఈ అంతర్జాతీయ వెటర్నరీ విద్యార్థుల సంఘం ఎక్స్ఛేంజ్‌లలో అక్కడి విద్యార్థులే బస చూపిస్తారు కాబట్టి పెద్ద ఖర్చు టికెట్టే. రీసెర్చ్ మీద ఆసక్తి ఉంటే జపాన్‌లోని ఓఐఎస్‌టీ (ఒకినావా సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ) ఇంటర్న్‌షిప్ చూడండి, విమానం టికెట్, బస, రోజువారీ భత్యం వాళ్లే ఇస్తారు, పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది.

ఇక అప్లికేషన్. "జంతువులంటే చిన్నప్పటి నుంచి ప్రేమ" అని అందరూ రాస్తారు, అది వదిలేయండి. అనంతపురం పల్లెల్లో గొర్రెల మందల వెంట తిరిగి టీకాలు వేసి ఉంటే అది రాయండి, ఎందుకంటే గొర్రెలు, మేకలకు వచ్చే పీపీఆర్ అనే వైరస్ రోగాన్ని 2030కల్లా ప్రపంచంలోనే లేకుండా చేయాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ లక్ష్యం పెట్టుకుంది, ఆ రోగాన్ని మందలో కళ్లారా చూసిన విద్యార్థులు యూరప్‌లో చాలా తక్కువ. ఎన్ని గొర్రెలు, ఏ ఊరు, మీరేం చేశారు, అంతే చాలు.

పాస్‌పోర్టు ఇప్పుడే తీసుకోండి, మామూలు ఫీజు 1500 రూపాయలు. సిఫార్సు లేఖ కోసం సార్‌ను గడువుకు నెల ముందే అడగండి, పరీక్షల టైంలో వెంటబడితే ఇద్దరికీ టెన్షనే.