ఫోన్‌లో రాత్రి బడి – 3వ పాఠం: గొంతుతో చదువు చెప్పడం

పోయిన పాఠంలో ఇచ్చిన పని అయిందా? మీ దగ్గర చదువుకునే ఆడవాళ్ల ఇళ్లలో టచ్ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది, ఎన్నింటికి ఇల్లు చేరుతుంది, నెట్ ఎవరు వేయిస్తారు అని అడిగి రాసుకోమన్నాం. ఆ కాగితం దగ్గర పెట్టుకుని ఇది చదవండి. చాలామంది కాగితాల్లో ఒకే సంగతి కనిపిస్తుంది: ఫోన్ కొడుకుదో భర్తదో, అది ఇంటికొచ్చేది చీకటి పడ్డాకే. అప్పటికి ఆవిడ పొయ్యి దగ్గర ఉంటుంది. చేతులకు ఖాళీ లేదు, చెవులకు ఉంది. ఇవాళ్టి పాఠమంతా ఆ చెవుల కోసమే.

నేర్చుకునేది ఒక్కటే: రెండు నిమిషాలు దాటని వాయిస్ మెసేజ్‌తో ఒక మాట చదవడం నేర్పించడం.

చదువు రానివాళ్ల వాట్సాప్ గ్రూపులో "రేపు క్లాసు 7 గంటలకు, అందరూ తప్పక రావలెను" అని టైపు చేసి, ఎవరూ రాలేదని బాధపడే బోధకులు ఇప్పటికీ ఉన్నారు. ఇంకొందరు నలభై పేజీల పీడీఎఫ్ పంపుతారు. వీడియో మేలే కానీ నెట్ తినేస్తుంది. పైగా చూస్తూ కూర్చోవాలి. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ అర ఎంబీ అటూ ఇటూగా ఉంటుంది, అంతే నిడివి వీడియో దానికి ఎన్నో రెట్లు. ఇంట్లో మిగతావాళ్ల నెట్ అయిపోజేసిందన్న మాట ఆవిడ పడకూడదు. చదువు ఆగిపోయేది తరచుగా అలాంటి మాట దగ్గరే.

యంత్రంతో పెద్దవాళ్లకు చదువు చెప్పడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 2000లో అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో టీసీఎస్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు కంప్యూటర్ పెట్టి తెలుగు చదవడం నేర్పించారు. ఆ ఆలోచన వెనక ఉన్నది ఆ కంపెనీని మొదట్లో నడిపించిన ఎఫ్.సి.కోహ్లీ. అ, ఆ ల దగ్గర మొదలుపెట్టకుండా ముందు మాటను చూపించి, వినిపించి, తర్వాత దాన్ని అక్షరాలుగా విడదీసేవారు. సుమారు నలభై గంటల్లో పేపరు చదివే స్థాయికి తేవాలన్నది లక్ష్యం. అప్పుడు మనిషి కంప్యూటర్ ఉన్న చోటికి రావాలి, ఇప్పుడు ఫోనే ఇంటికి వెళ్తుంది. మాటతో మొదలుపెట్టే పద్ధతి మాత్రం నేటికీ పనికొస్తుంది, మనమూ దాన్నే వాడుకుందాం.

మాట ఎంచుకునేటప్పుడు రెండే చూడండి. ఆవిడ రోజూ నోటితో అనేది కావాలి. కాగితం మీద ఆవిడ చేతికి అందేది కావాలి. పొదుపు సంఘం వాళ్లకు "జమ" బాగుంటుంది. గుణింతం లేదు, వత్తు లేదు, డబ్బుకు సంబంధించింది. మీ సంఘం పుస్తకంలో శీర్షికలు ఇంగ్లీషులో అచ్చై ఉంటే తీర్మానాల పుస్తకంలోంచి ఒక మాట తీసుకోండి. "నిల్వ", "వడ్డీ" లాంటివి ఇప్పుడే వద్దు, వత్తులతో వచ్చే టెన్షన్ మొదటి వారంలో ఎందుకు?

ముందుగా తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో "జమ" అని రాయండి. అక్షరం అరచెయ్యంత ఉండాలి. దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. వెంటనే వాయిస్ మెసేజ్, ఇలా:

"అక్కా, అన్నం తిన్నారా? సంఘం పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకోండి, నేను ఆగుతాను. (ఇక్కడ నిజంగానే ఐదారు సెకన్లు ఆగండి.) మొన్న మీటింగులో మన డబ్బు లెక్కపెట్టి లీడరక్క ఏం రాసింది? జమ అని రాసింది. జ... మ. నేను పంపిన ఫొటోలో ఉన్నది అదే. మొదటి అక్షరం కింద వేలు పెట్టండి. జ. వేలు పక్కకు జరపండి. మ. ఇప్పుడు రెండూ కలిపి, జమ. మీరూ అనండి. (ఆగండి.) ఇలాంటిదే మీ పుస్తకంలో ఎక్కడుందో వెతకండి. దొరికితే మైకు నొక్కి 'దొరికింది' అనండి చాలు. ఎంత జమైందో మాత్రం చెప్పొద్దు."

ఒకసారి పైకి చదివి చూడండి, ఆగే చోట్లతో కలిపి నిమిషం పైచిలుకు పడుతుంది. "అందరికీ నమస్కారం, ఈరోజు మనం నేర్చుకోబోయే అంశం" అన్న ఎత్తుగడ ఇందులో లేదు, గమనించారా? గ్రూపులో ఇరవై మంది ఉన్నా ఆ సమయానికి వినేది ఒక్క మనిషి. అందుకే "అక్కా" అని ఒక్కరినే పిలుస్తాం. మీ బృందంలో ఎక్కువమంది మీకంటే బాగా పెద్దవాళ్లయితే "అత్తమ్మా", "పెద్దమ్మా" అనండి. ఊళ్లో ఎదురుపడితే ఏమని పిలుస్తారో అదే పిలుపు.

ఆఖరి వాక్యం ఊరికే పెట్టింది కాదు. ఎవరి పొదుపు ఎంతో, ఎవరి అప్పు ఎంతో గ్రూపులో పడితే ఆ రాత్రే ఊరంతా తెలుస్తుంది. పాసుబుక్కు ఫొటో పంపమని కూడా ఎప్పుడూ అడగకండి.

ఇక రికార్డింగ్. వాట్సాప్‌లో మైకు బొమ్మ నొక్కిపట్టి పైకి జరిపితే తాళం పడుతుంది, వేలు తీసేసినా రికార్డవుతూనే ఉంటుంది. కాగితం చేత్తో పట్టుకుని తీరిగ్గా మాట్లాడొచ్చు. పంపేముందు ఆపి, ఒకసారి విని, నచ్చకపోతే చెత్తబుట్ట బొమ్మ నొక్కి మళ్లీ మొదలుపెట్టండి. ఫోను నోటికి జానెడు దూరంలో ఉండాలి. ఫ్యాను ఆపాలి. కుక్కర్ విజిల్ వచ్చే వేళ కాకుండా చూసుకుంటే చాలు, ప్రత్యేకంగా మైకులు కొనక్కర్లేదు.

అవతలివైపు వచ్చే ఇబ్బందులు వేరు. "టీచరమ్మ గబగబా మాట్లాడుతోంది" అన్నారంటే పిల్లలెవరో వేగం మీట నొక్కి ఉంటారు. మెసేజ్ వినిపిస్తున్నప్పుడు దాని పక్కన 1.5 లేదా 2 అని కనిపిస్తుంది, 1 వచ్చేదాకా దాన్నే నొక్కుతుండాలి. "గొంతు సన్నగా వస్తోంది" అంటే ఫోను చెవికో ఒంటికో ఆనించి వింటున్నారన్నమాట. పైభాగంలో ఉండే సెన్సర్ మూసుకుపోతే శబ్దం స్పీకరు వదిలి కాల్ మాట్లాడే చిన్న రంధ్రంలోకి పోతుంది. ఫోన్ గూట్లో నిలబెట్టి వినమనండి. ఈ రెండూ ముఖాముఖి కలిసినప్పుడు చేసి చూపించాలి, మెసేజ్‌లో చెబితే అర్థం కావు.

ఎవరు విన్నారో చూడాలంటే మీ మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి సమాచారం తెరవండి, ఎవరెవరు ప్లే చేశారో పేర్లు వస్తాయి. దాన్ని హాజరు పట్టీ అనుకోకండి. కొడుకు పొలం గట్టున కూర్చుని ఒకసారి నొక్కినా ఆమె పేరే పడుతుంది. "దొరికింది" అన్న గొంతు ఆవిడదైతేనే లెక్క. మొదటి వారం ముగ్గురో నలుగురో పలుకుతారు. మిగతావాళ్లు సిగ్గుపడి ఊరుకుంటారు. వాళ్లను గ్రూపులో పేరు పెట్టి అడగకండి, విడిగా కాల్ చేయండి. పలికినవాళ్ల తప్పులు కూడా గ్రూపులో దిద్దొద్దు. కోడలు కూడా అదే గ్రూపులో ఉన్న అత్తగారు ఒక్కసారి నవ్వులపాలైతే ఇక మైకు ముట్టుకోదు.

రెండో రోజు కొత్త మాట వద్దు. జ, మ తెలిశాయి కాబట్టి "ర" ఒక్కటి కలపండి. మర, రమ వస్తాయి. తెలంగాణ ఊళ్లలో అయితే "జర" కూడా వస్తుంది. రోజూ నోట్లో ఉండే మాట కాగితం మీద కనబడేసరికి అక్కడ సందడి మొదలవుతుంది, వాయిస్ మెసేజ్‌ల్లో నవ్వులు వినపడతాయి.

గొంతుతో రాత మాత్రం రాదు. ఉల్లాస్ అనే కేంద్ర ప్రభుత్వ వయోజన విద్యా పథకం కింద 15 ఏళ్లు దాటినవాళ్లకు పెట్టే పరీక్ష 150 మార్కులకు: చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. ఫోన్ పాఠం మొదటి యాభైకి బాగా పనికొస్తుంది, మూడోదానికి కొంత. రాతకు పలకో నోటుబుక్కో ముందు పెట్టుకుని, పక్కన మనిషి కూర్చోవాల్సిందే. కాబట్టి వారానికి ఒక్కసారైనా కలిసి కూర్చునే రోజును ఫోన్ వచ్చింది కదా అని ఎత్తేయకండి. అసలు ఆ రోజు కోసమే మిగతా ఆరు రోజుల మెసేజ్‌లు.

నాలుగో పాఠం లోపు చేయాల్సినవి: మీ బృందానికి సరిపోయే మాట ఒకటి వెతకండి. పైన చూపినట్టు వాయిస్ మెసేజ్ తయారుచేసి, గ్రూపుకు పంపకుండా చదువు రాని ఒక్క మనిషికి వినిపించండి, మీరు పక్కనే కూర్చుని నోరు మెదపకుండా చూడండి. ఆవిడ వేలు ఎక్కడ ఆగిందో, మెసేజ్‌ను ఎక్కడ వెనక్కి జరిపి మళ్లీ విందో రాసుకోండి. ఆ చోట్లలో మాటలు మార్చి మళ్లీ రికార్డు చేసి, అప్పుడు గ్రూపులో పెట్టండి. వాళ్లు రాసిన అక్షరాలను ఫొటో తీసి పంపించుకోవడం, దిద్దడం వచ్చే పాఠంలో.