కారుకు సైకిల్ ర్యాక్ ఎంచుకునే ముందు చూడవలసినవి

హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ ప్యానెళ్ల కప్పుతో వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది. నగరానికి మరో చివర నివసించేవారు తెల్లవారుజామున అక్కడ తొక్కాలన్నా, వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల్లో ఎక్కుడు దారులు సాధన చేయాలన్నా, సైకిల్‌ను కారుతో పాటు తీసుకువెళ్లవలసి వస్తుంది. అందుకోసం ర్యాక్ కొనేవారు సాధారణంగా ముందు ధర చూస్తారు. అంతకంటే ముందు తేల్చుకోవలసినది, సైకిల్ బరువును కారులో ఏ భాగం మోయబోతోంది, ఆ బరువుకు ఆ భాగం తట్టుకుంటుందా అన్న సంగతి.

తీసుకువెళ్లేది ఒక్క సైకిలే అయి, కారు హ్యాచ్‌బ్యాక్ అయితే, ర్యాక్ అవసరమే రాకపోవచ్చు. వెనుక సీటు మడిచి, ముందు చక్రం ఊడదీసి, చెయిన్ ఉన్న వైపు పైకి వచ్చేలా పాత దుప్పటి మీద పడుకోబెడితే చాలా సైకిళ్లు లోపలే పడతాయి. ఎండ, వాన, దొంగతనం భయం లేని పద్ధతి ఇదొక్కటే కనుక, ముందు దీనిని ప్రయత్నించి చూడమనే నేను చెబుతాను.

ర్యాక్ తప్పదనుకున్నప్పుడు సైకిల్ బరువు, పొడవు ఇంట్లోనే కొలుచుకోవాలి. సైకిల్‌ను ఎత్తుకుని తూకం యంత్రం మీద నిలబడి, అందులోంచి మన బరువు తీసివేస్తే లెక్క తేలిపోతుంది. తేలికపాటి రోడ్ సైకిల్ 8 నుంచి 10 కిలోలు, కొండదారులకు వాడే గేర్ల సైకిల్ (ఎంటీబీ) 13 నుంచి 16 కిలోలు, పాతకాలపు ఇనుప సైకిల్ 20 కిలోల దగ్గర ఉంటాయి. బ్యాటరీ సైకిల్ అంతకు మించవచ్చు. పొడవు 1.7 నుంచి 1.8 మీటర్లు ఉంటుంది. చిన్న కార్ల వెడల్పు కూడా 1.7 మీటర్ల చుట్టుపక్కలే కాబట్టి, వెనుక అడ్డంగా కట్టిన సైకిల్ చక్రాలు కారు పక్కలకు పొడుచుకు వచ్చే అవకాశం ఉంది.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది డిక్కీకి పట్టీలతో బిగించే ర్యాక్. ఇందులో పై పట్టీలు బరువును మోస్తాయి, కింది పట్టీలు ర్యాక్ పైకి లేవకుండా లాగి పట్టుకుంటాయి, పక్క పట్టీలు ఊగకుండా ఆపుతాయి. ఈ పట్టీల కొక్కేలు డిక్కీ తలుపు అంచున ఇనుప రేకును పట్టుకోవాలి. అక్కడ అద్దం గానీ, ప్లాస్టిక్ స్పాయిలర్ (తలుపు పై అంచున రెక్కలా ఉండే భాగం) గానీ ఉంటే ఆ ర్యాక్ మీ కారుకు పనికిరాదు. తయారీదారులు ఏ మోడల్‌కు ఏ ర్యాక్ సరిపోతుందో పట్టిక ఇస్తారు. అందులో కారు పేరుతో పాటు తయారైన సంవత్సరం కూడా సరిచూసుకోవాలి, ఎందుకంటే అదే పేరుతో వచ్చే కొత్త మోడల్‌లో వెనుక తలుపు ఆకారం మారిపోతుంది. వీలైతే దుకాణంలోనే కారుకు బిగించి చూసి, ఆ తరువాతే డబ్బు చెల్లించడం మంచిది. ర్యాక్ మెత్తలు కారుకు ఆనే చోట ప్రతిసారీ తడిగుడ్డతో తుడవాలి. మెత్త కింద చిక్కుకున్న దుమ్ము దారి పొడవునా గరుకు కాగితంలా పెయింటును గీస్తుంది. సైకిల్ టైరు సైలెన్సర్ గొట్టానికి ఎదురుగా వేలాడకుండా చూసుకోవాలి, ఆ వేడికి రబ్బరు పాడవుతుంది. పై గొట్టం లేని లేడీస్ సైకిళ్లకు సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య బిగించే అడ్డకడ్డీ విడిగా కొనాలి.

టాపు మీద అమర్చే ర్యాక్‌తో డిక్కీకీ, నంబరు ప్లేటుకూ ఏదీ అడ్డు రాదు. అయితే మన కార్లలో చాలావాటికి పైన కనిపించే రూఫ్ రెయిల్స్ అలంకారానికి పెట్టినవి, బరువు మోసేవి కావు. కారుతో ఇచ్చిన పుస్తకంలో టాపు మోయగల బరువు రాసి ఉంటుంది. ర్యాక్‌ను నిలిపేందుకు టాపు మీద అడ్డంగా వేసే కడ్డీలు, ర్యాక్, సైకిళ్లు అన్నీ కలిపి ఆ హద్దులోనే ఉండాలి. ముందు చక్రం తీసి ఫోర్కును బిగించే రకమైతే మీ సైకిల్ ముందు ఇరుసు క్విక్ రిలీజ్‌దా (చిన్న మీటతో వదులయ్యే సన్నని ఇరుసు), త్రూ యాక్సిల్‌దా (ఫోర్కు రంధ్రాల గుండా దూర్చి బిగించే లావు ఇరుసు) అన్నది చూసి తగిన అడాప్టర్ తీసుకోవాలి. కార్బన్ ఫ్రేము గొట్టాన్ని బిగించి పట్టే ర్యాక్ వద్దు, చక్రాలను పట్టేదే తీసుకోవాలి. నిలువుగా నిలబెట్టిన సైకిల్‌తో సెడాన్ ఎత్తు రెండున్నర మీటర్లు దాటుతుంది. ఆ సంగతి మరిచి అపార్ట్‌మెంట్ సెల్లారులోకి దిగితే సైకిల్, టాపు రెండూ దెబ్బతింటాయి. అందువల్ల స్టీరింగ్ దగ్గర ఒక చీటీ అంటించుకోవడం అవసరమనే నా అభిప్రాయం.

బండి వెనుక టో హుక్కుకు (వేరే బండిని లాగడానికి ఉండే కొక్కేనికి) తగిలించే ర్యాక్ అన్నిటికంటే దృఢమైనది, బ్యాటరీ సైకిళ్లకు తగినది. మన కార్లలో ఆ హుక్కు ఉన్నవి తక్కువ. స్టెప్నీ వెనుక తలుపుకే ఉండే బండ్లకు ఆ చక్రం మీద బిగించేవి దొరుకుతాయి.

వెనుక కట్టిన సైకిళ్లు నంబరు ప్లేటునూ, బ్రేకు లైట్లనూ, ఇండికేటర్లనూ కప్పకూడదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, సరుకు అనుమతించిన హద్దు దాటి పక్కలకో వెనక్కో పైకో పొడుచుకు వస్తే 20,000 రూపాయల జరిమానా ఉంది. అందుకే ముందు చక్రం తీసి కారు లోపల పెట్టుకోవడం నయం.

బయలుదేరే ముందు వేలాడే పట్టీల కొసలు ముడివేసి, ముందు చక్రం తీయకపోతే దాన్ని ఫ్రేముకు కట్టివేయాలి. మొదటి పది కిలోమీటర్లలో దాటే స్పీడు బ్రేకర్లకే పట్టీలు కొంత వదులవుతాయి కనుక, అక్కడ ఆగి ర్యాక్‌ను రెండు చేతులతో ఊపి చూడాలి. ర్యాక్‌తో పాటు కారు కూడా ఊగితే బిగువు సరిపోయినట్టు, ర్యాక్ ఒక్కటే కదిలితే మళ్లీ బిగించాలి. తిరిగి వచ్చాక ర్యాక్‌ను కారుకే వదిలేయకుండా విప్పి నీడలో పెట్టాలి. ఎండకు పట్టీల నేత రంగు వెలిసి, అంచుల్లో పోగులు లేస్తే, ర్యాక్ ఇనుము ఎంత కొత్తగా కనిపించినా ఆ పట్టీలను వెంటనే మార్చాలి.