ప్లాస్టిక్ షీటు కోయించే ముందు చూసుకోవాల్సినవి

తిరుపతిలో షాపు బోర్డుకైనా, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మెషిన్ కవరుకైనా ముందు తేల్చుకోవాల్సింది రేటు కాదు. ఆ వస్తువు ఎక్కడ ఉంటుంది, దానికి ఏం తగులుతుంది అన్నది.

☐ ఎండలో ఉంటుందా? మీటరు పొడవున్న అక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) షీటు వేడిలో 30 డిగ్రీల తేడాకు దాదాపు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. స్క్రూ కంటే రంధ్రం కాస్త పెద్దగా వేయించండి, మరీ బిగించనివ్వకండి. మన వేసవి ఎండకు మొదట పగిలేది ఆ రంధ్రం దగ్గరే. పాలికార్బొనేట్ (దెబ్బలకు సులువుగా పగలని ప్లాస్టిక్) అయితే యూవీ పూత, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే పూత, ఉన్న వైపు బయటికి రావాలి. షీటు మీద అంటించిన ఫిల్మ్ పీకేముందే ఆ వైపు గుర్తు పెట్టుకోండి.

☐ దెబ్బలు తగులుతాయా? పాలికార్బొనేటే. కానీ కాస్టిక్ సోడాతో కడిగే చోట అది పాడవుతుంది, వద్దు.

☐ తినేవి తగులుతాయా? ఫుడ్ గ్రేడ్ (తినేవాటికి తగలనివ్వదగ్గ రకం) పాలీప్రొపిలిన్ లేదా హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిన్) ప్లాస్టిక్ తీసుకోండి. ఫుడ్ గ్రేడ్ అని కాగితం మీద రాయించుకోండి. వీటికి మామూలు గమ్ పట్టదు, వెల్డింగ్ చేయాల్సిందే.

☐ దీపం, కర్పూరం దగ్గరా? అక్రిలిక్ అంటుకుని మండుతుంది. అక్కడ గాజు పెట్టించండి.

☐ తడిలో తిరిగే బుష్‌ల (ఇరుసు చుట్టూ ఉండే గొట్టం లాంటి భాగాల) కోసమా? నైలాన్ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, అది చూసుకోండి.

☐ లేజర్ కటింగా? పీవీసీ అసలు వద్దు, చాలా ఫోమ్ బోర్డులు కూడా పీవీసీవే. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది; కోసే కుర్రాడి ఊపిరితిత్తులకు ప్రమాదం, మెషిన్‌కు తుప్పు. ఏ షీటో తెలియకపోతే కోయించకండి.

☐ తుడవడానికి థిన్నర్, స్పిరిట్ వాడొద్దని చెప్పండి. అక్రిలిక్ అంచులు సన్నగా చిట్లుతాయి.